కాలువ నుంచి మురుగు కాలువ దాకా: సిస్టమ్స్ థింకింగ్ తొలి పాఠాలు

గోదావరి డెల్టాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేలు మునిగిన ప్రతిసారీ ఊళ్ళో వినిపించే మాటలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మురుగు కాలువలో పూడిక తీయలేదని ఒకరు, చెరువుల గట్లు నీటికి అడ్డం పడ్డాయని మరొకరు, ఈ ఏడు వాన మరీ ఎక్కువగా కురిసిందని ఇంకొకరు అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. అయితే కాంట్రాక్టరు మారినా, అధికారి మారినా, వాన కాస్త తగ్గినా అవే చేలు మళ్ళీ మునుగుతున్నాయంటే, కారణాన్ని ఒక మనిషిలోనో ఒక సంఘటనలోనో వెతికి ఊరుకుంటే సరిపోదు. భాగాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో, ఆ ముడుల వల్లనే అదే ఫలితం మళ్ళీమళ్ళీ ఎలా వస్తోందో చూసే పద్ధతినే సిస్టమ్స్ థింకింగ్ అంటారు. దాని ప్రాథమిక భావనలను ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, ఒక రబ్బరుతో ఎలా సాధన చేయవచ్చో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలన్నీ డెల్టా నుంచే తీసుకున్నాను. ఏ తూము ఎత్తితే ఎవరి చేలోకి నీరు వస్తుందో తెలిసిన చోట ఈ విద్య నేర్చుకోవడం తేలిక.

ఈ పద్ధతికి లెక్కల పునాది వేసినవారు అమెరికాలోని ఎంఐటీకి చెందిన ఇంజనీరు జే ఫారెస్టర్. 1950ల రెండో సగంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు తమ కెంటకీ ఫ్యాక్టరీల సమస్యను ఆయన ముందు పెట్టారు. అక్కడ కొన్నేళ్ళు కార్మికులకు తీరిక ఉండేది కాదు, ఆ తరువాత కొన్నేళ్ళకే సగం మందిని ఇంటికి పంపవలసి వచ్చేది. మార్కెట్ ఒడిదుడుకులే దీనికి కారణమని యాజమాన్యం నమ్మింది. ఫారెస్టర్ సరుకు నిల్వను, ఆర్డర్లను, నియామకాలకు వాడే నియమాలను వారాలవారీగా కాగితం మీద లెక్కగట్టి చూశారు. బయటి గిరాకీ నిలకడగా ఉన్నా, ఆ కంపెనీ తీసుకునే నిర్ణయాల వల్లనే ఆ ఎగుడుదిగుళ్ళు పుడతాయని తేలింది. బయటి నుంచి వచ్చిందనుకున్న ఇబ్బందిలో ఎంత భాగం లోపలే తయారవుతోందన్న ఆ ప్రశ్నే ఈ పద్ధతికి మూలం.

సమస్యను కాలం మీద గీయండి

మొదట ఒక సమస్యను ఎంచుకోవాలి. అది మీరు రోజూ చూసేదై ఉండాలి. దేశ ఆర్థిక వ్యవస్థ, వాతావరణ మార్పు వంటి పెద్ద విషయాలతో మొదలుపెట్టేవారు సాధారణంగా రెండో పేజీ దగ్గరే ఆగిపోతారు. మీ బోదె (చేలకు నీరు తెచ్చే చిన్న కాలువ), మీ చెరువు, మీ కొబ్బరితోట, మీ ఊరి పాలకేంద్రం, వీటిలో ఏదైనా సరిపోతుంది.

ఎంచుకున్న తరువాత దానిని కాలంతో పాటు పెరిగి తగ్గే ఒక పరిమాణంగా రాయాలి. "మురుగు సమస్య" అని రాస్తే అందులో కొలవడానికి ఏమీ ఉండదు. "నాలుగు అంగుళాల వాన కురిశాక మా పల్లపు చేలో నీరు నిలిచే రోజులు" అని రాస్తే కొలవడానికి ఒక అంకె దొరుకుతుంది. కాగితం మీద అడ్డంగా ఏళ్ళు, నిలువుగా ఆ రోజులు వేసి, మీకు గుర్తున్నంత వరకు, పెద్దవారిని అడిగి తెలుసుకున్నంత వరకు ఒక గీత గీయండి. గీత ఉజ్జాయింపుగా ఉన్నా పరవాలేదు. అది మెల్లగా పెరుగుతోందా, ఒక్కసారిగా ఎగిసిందా, ఊగిసలాడుతోందా అన్నదే ముఖ్యం, ఎందుకంటే ఒక్కో తీరు గీత వెనుక ఒక్కో రకమైన నిర్మాణం ఉంటుంది. మెల్లగా మొదలై వేగం పుంజుకునే గీత వెనుక తనను తాను పెంచుకునే ప్రక్రియ ఉందని, ఊగిసలాడే గీత వెనుక ఏదో ఒక ఆలస్యం ఉందని అనుమానించాలి.

నిల్వను, ప్రవాహాన్ని వేరు చేయడం

ఈ విద్యలో మొట్టమొదటి భావన నిల్వ. ఒక క్షణంలో అన్నిటినీ ఆపివేసి లెక్కపెట్టగలిగేది నిల్వ. చేలో ఉన్న నీరు, గాదెలో ఉన్న ధాన్యం, బ్యాంకులో ఉన్న అప్పు, మురుగు కాలువ అడుగున పేరుకున్న పూడిక, మనుషుల మధ్య ఉన్న నమ్మకం కూడా నిల్వలే. ఇంత కాలంలో ఇంత అని మాత్రమే చెప్పగలిగేది ప్రవాహం. నిల్వను మార్చగలిగేవి లోపలికి వచ్చే ప్రవాహం, బయటికి పోయే ప్రవాహం మాత్రమే. ఇది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, చర్చల్లో జరిగే పొరపాట్లలో పెద్ద భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్లనే వస్తుంది.

గోదావరి మీద కాటన్ బ్యారేజీ ఉన్న ధవళేశ్వరం ఉదాహరణ చూద్దాం. వార్తల్లో వరదను క్యూసెక్కుల్లో, జలాశయాన్ని టీఎంసీల్లో చెబుతారు. మొదటిది ప్రవాహం, రెండోది నిల్వ. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 25 లక్షలే అనుకున్నా అది రోజుకు 216 టీఎంసీలు. కాటన్ బ్యారేజీ వెనుక నిలిచే నీరు సుమారు 3 టీఎంసీలు. అంటే ఆ వరద వేగంతో ఆ నిల్వ నిండడానికి 20 నిమిషాలు చాలు. బ్యారేజీ దగ్గర వరదను ఎందుకు ఆపలేదని అడిగేవారికి ఈ ఒక్క లెక్క సమాధానం చెబుతుంది. ఆ 175 గేట్లూ ఎత్తివేయడం తప్ప అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. అదే 3 టీఎంసీలు దాళ్వాలో (రెండో పంటలో) ఎంతకు వస్తాయో కూడా చూడండి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటి కాలువలకూ కలిపి 10,000 క్యూసెక్కులు వదులుతున్నారనీ, పైనుంచి చుక్క కూడా రావడం లేదనీ అనుకుంటే మూడున్నర రోజుల్లో అది ఖాళీ అవుతుంది. అందుకే నది సన్నబడ్డ ఏడు దాళ్వా చివరి తడుల కోసం డెల్టా మొత్తం సీలేరు నుంచి వచ్చే నీటి వైపు చూస్తుంది.

ఇదే లెక్కను మీ చేను దాకా దింపండి. ఎకరం 43,560 చదరపు అడుగులు. నాలుగు అంగుళాల వాన పడితే ఎకరం మీద 14,520 ఘనపుటడుగుల నీరు, వంద ఎకరాల పల్లం మీద సుమారు పద్నాలుగున్నర లక్షల ఘనపుటడుగుల నీరు చేరుతుంది. ఆ వంద ఎకరాల నీటిని మురుగు కాలువ 5 క్యూసెక్కుల చొప్పున లాగితే రోజుకు 4.32 లక్షల ఘనపుటడుగులు పోతాయి, మూడు రోజుల పైచిలుకుకు చేలు తేలుతాయి. గుర్రపుడెక్క, తూడు పట్టి ఆ వేగం సగానికి పడిపోతే దాదాపు ఏడు రోజులు పడుతుంది. మూడు రోజులు తట్టుకున్న లేత పైరు ఏడు రోజులు తట్టుకోలేదు. పైగా ఆ ఏడు రోజుల్లో ఇంకొక వాన పడే అవకాశం రెట్టింపవుతుంది, ఆ నీరు ఇంకా దిగని నీటి మీదనే చేరుతుంది. రెండు ఏళ్ళలో కురిసిన వాన ఒక్కటే అయినా నష్టం ఒక్కటి కాకపోవడానికి కారణం ఇదే. వానను మాత్రమే కొలిచేవారికి ఈ తేడా కనిపించదు.

కొల్లేరును ఈ కళ్ళతో చూడడం మంచి అభ్యాసం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు, ఎన్నో మురుగు కాలువలు వచ్చి కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. రాక వేగం, పోక నెమ్మది, కనుక మధ్యలో నీరు పరుచుకోవడానికి చోటు కావాలి. ఆ చోటులో చేపల చెరువుల గట్లు లేచినకొద్దీ అంతే వరదకు నీటిమట్టం మునుపటి కంటే ఎక్కువ ఎత్తుకు పోతుంది. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో ఆ హద్దు లోపలి చెరువులను కొట్టివేయడం ఈ చోటును తిరిగి తెచ్చే ప్రయత్నాలే. ఉప్పుటేరును లోతుగా తవ్వితే పోక పెరుగుతుంది కదా అని అడగవచ్చు. పెరుగుతుంది. అయితే వేసవిలో సరస్సు మట్టం తగ్గినప్పుడు అదే దారిలో పోటుకు సముద్రపు నీరు లోపలికి ఎక్కుతుంది. బొమ్మలో ఉప్పుటేరుకు ఒక్క బాణం గీసినవారు ఇక్కడ పొరపడతారు, రెండు బాణాలు గీయాలి.

బాణాలు, వలయాలు

నిల్వలు రాసుకున్నాక వాటి మధ్య బాణాలు గీయాలి. మొదటిది పెరిగితే రెండోదీ పెరిగే చోట బాణం పక్కన కూడిక గుర్తు వేయండి, మొదటిది పెరిగితే రెండోది తగ్గే చోట తీసివేత గుర్తు వేయండి. ఒక బాణం గీసేటప్పుడు మిగతావన్నీ మారకుండా ఉన్నాయని అనుకోవాలి, లేకపోతే ఏ గుర్తూ తేలదు. బాణాల వెంట నడుస్తూ పోతే కొన్నిచోట్ల మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తారు. అదే ఫీడ్‌బ్యాక్ వలయం. వలయంలో తీసివేత గుర్తులు సరిసంఖ్యలో ఉంటే (సున్నా కూడా సరిసంఖ్యే) అది జరుగుతున్నదానిని ఇంకా పెంచే వలయం. బేసిసంఖ్యలో ఉంటే అది మార్పును అదుపు చేసి ఒక మట్టం దగ్గర నిలపజూసే వలయం.

వరిచేల మధ్య రొయ్యల చెరువు పడితే ఏం జరుగుతుందో గీద్దాం. ఉప్పు శాతం ఉన్న నీటితో చెరువు నింపితే గట్టు కింద నుంచి ఊట పక్క చేలోకి దిగుతుంది: చెరువుల విస్తీర్ణం నుంచి ఉప్పు ఊటకు కూడిక. ఊట పెరిగితే పక్క వరి దిగుబడి తగ్గుతుంది: తీసివేత. దిగుబడి తగ్గితే ఆ చేనును కౌలుకు చేసేవారు దొరకరు, యజమానికి దానిని కూడా చెరువుకు లీజుకు ఇవ్వాలన్న ఒత్తిడి పెరుగుతుంది: ఇంకొక తీసివేత. ఒత్తిడి పెరిగితే చెరువుల విస్తీర్ణం పెరుగుతుంది: కూడిక. తీసివేతలు రెండు, కనుక ఇది పెంచే వలయం. ఇందులో దురాశాపరుడైన మనిషి ఒక్కడు కూడా లేకపోయినా చెరువులు పెరుగుతూనే ఉంటాయని గమనించండి. చివరి వరకు వరిని వదలనన్న రైతు కూడా చుట్టూ మూడు వైపులా చెరువులు పడ్డాక తన ఇష్టంతో నిమిత్తం లేకుండా సంతకం పెట్టవలసి వస్తుంది. అతడిని నిందించడం వల్ల వలయంలో ఒక్క బాణం కూడా మారదు.

పెంచే వలయం ఏదీ ఎప్పటికీ సాగదు. చెరువుల సంఖ్య పెరిగినకొద్దీ అందరూ నీరు వదిలేదీ, చాలామంది నీరు తోడేదీ ఒకే కాలువ అవుతుంది. ఒక చెరువులోని తెగులు పక్క చెరువుకు చేరడం తేలికవుతుంది, రోగం పెరిగితే లాభం తగ్గుతుంది, లాభం తగ్గితే కొత్త చెరువులు ఆగుతాయి. ఇక్కడ తీసివేత ఒక్కటే, కనుక ఇది అదుపు చేసే వలయం. 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి టైగరు రొయ్యల సాగును దెబ్బతీసినప్పుడు కోస్తా రైతులు ఈ రెండో వలయం బలాన్ని చూశారు. 2009లో వనామీ అనే రొయ్య రకానికి అనుమతి వచ్చాక మళ్ళీ మొదటి వలయానిది పైచేయి అయింది. ఒకే బొమ్మలో రెండు వలయాలూ ఎప్పుడూ ఉంటాయి, ఏ కాలంలో దేని బలం ఎక్కువ అన్నదానిని బట్టి గీత వంపు తిరుగుతుంది.

ఆలస్యం

నా ఉద్దేశంలో కొత్తగా నేర్చుకునేవారు అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఆలస్యాన్ని. బాణం గీసి ఊరుకుంటారు కాని, ఆ ప్రభావం చేరడానికి గంట పడుతుందా, పంటకాలం పడుతుందా, ఏడేళ్ళు పడుతుందా అన్నది రాయరు. ప్రతి బాణం మీద కాలాన్ని రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

వనామీ పంట నాలుగు నెలలకు అటూఇటూగా చేతికి వస్తుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంటు, కొనుగోలుదారు ధర చెప్పేది కౌంటును బట్టే. ఈ నెల 40 కౌంటుకు మంచి ధర పలికిందని చూసి ఎక్కువమంది ఒకే వారంలో చెరువుల్లో రొయ్యపిల్లను వదిలితే, నాలుగు నెలల తరువాత అందరి చెరువులూ ఒకేసారి ఆ కౌంటుకు వస్తాయి, ధర కుంగుతుంది. కుంగిన ధర చూసి చాలామంది తరువాతి పంట మానుకుంటారు, మళ్ళీ నాలుగు నెలలకు సరుకు కొరవడి ధర లేస్తుంది. ఎగుమతి మార్కెట్ల సంగతులు, సుంకాల సంగతులు దీనికి తోడవుతాయన్నది నిజమే కాని, అవి లేకపోయినా ఈ ఊగిసలాట కొంత ఉండే తీరుతుంది. నేటి ధరను చూసి నాలుగు నెలల తరువాతి సరుకును నిర్ణయించడమే దానికి కారణం. కెంటకీ ఫ్యాక్టరీలో ఫారెస్టర్ చూసింది సరిగ్గా ఇదే.

ఆలస్యం ఎంతో తెలిసినప్పుడు అదే ఉపకారి అవుతుంది. భద్రాచలం దగ్గర ఎగసిన వరద ధవళేశ్వరం చేరడానికి ఒక రోజుకు అటూఇటూగా పడుతుంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు, ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకు ఒకటో, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. లంక గ్రామాలవారు పశువులను ఏటిగట్టు మీదికి తోలుకోవడానికి దొరికే వ్యవధి అంతా ఈ ఆలస్యం ఇచ్చిందే.

ఒక పూర్తి బొమ్మ: ఏడాది క్యాలెండరు

ఇప్పుడు మొదట వేసుకున్న ముంపు ప్రశ్నకు తిరిగి వచ్చి, మొత్తం పద్ధతిని ఒకేచోట చూద్దాం. ఈ బొమ్మను మీరు కూడా పక్కన గీస్తూ చదివితే మేలు.

సార్వా (మొదటి పంట) ఊడ్పులు ఆలస్యమైతే కోతలు ఆలస్యమవుతాయి. కోతలు ఆలస్యమైతే దాళ్వా నాట్లు ఆలస్యం, దాళ్వా ఆలస్యమైతే ఏప్రిల్‌లోనూ చివరి తడులకు నీరు కావాలి, కనుక కాలువలు కట్టివేసే తేదీ వెనక్కి పోతుంది. ఇవన్నీ కూడికలు. కాలువలు కట్టడం ఆలస్యమైనకొద్దీ జూన్‌లో మళ్ళీ నీరు వదిలేలోగా పూడిక తీయడానికి, లాకులు, తూములు బాగుచేయడానికి మిగిలే రోజులు తగ్గుతాయి: తీసివేత. పనిదినాలు తగ్గితే మిగిలిపోయే పూడిక, కలుపు పెరుగుతాయి: తీసివేత. పూడిక పెరిగితే తొలి భారీ వానకు పల్లపు చేలో నీరు నిలిచే రోజులు పెరుగుతాయి, నారుమళ్ళు కుళ్ళి మళ్ళీ నారు పోయవలసి వస్తుంది, ఊడ్పులు ఇంకా ఆలస్యమవుతాయి. తీసివేతలు రెండు, కనుక ఇది పెంచే వలయం, చుట్టు తిరగడానికి పట్టే కాలం ఒక సంవత్సరం.

దీని పక్కన ఇంకొక చిన్న వలయం ఉంది. ముందుగా ఊడిస్తే మునుగుతుందని అనుభవంతో తెలిసిన పల్లపు రైతు కావాలనే ఆగి, వానలు తగ్గాక ఊడుస్తాడు. అతని వరకు అది తెలివైన నిర్ణయమే. అయితే అదే మొత్తం ఆయకట్టు క్యాలెండరును వెనక్కి లాగుతుంది. శివారు భూములకు చివరగా నీరు చేరడం కూడా ఇదే దిశలో పని చేస్తుంది. ఇక సార్వా కోతలు నవంబరులోకి జరిగితే తుపానుల కాలానికి ఎదురుపోతున్నట్టే. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఏం చేసిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానివేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, పెట్టుబడి ఖర్చులతో పాటు ముంపు కూడా చర్చలోకి వచ్చింది. ఇవి మూడు వేరు వేరు ఫిర్యాదులుగా కనిపిస్తాయి కాని, మునిగిన ఏడు రెండోసారి నారుకు, ఊడ్పు కూలికి పెట్టిన ఖర్చును లెక్కలో వేస్తే అవి ఒకే బొమ్మలో కలుస్తాయి.

పెంచే వలయానికి ఒక మంచి గుణం ఉంది: దిశ మారితే అదే బలంతో మేలు వైపుకూ తిరుగుతుంది. 2022లో నవంబరు తుపానులకు ముందే కోతలు ముగించాలన్న ఉద్దేశంతో గోదావరి డెల్టా కాలువలకు జూన్ 1నే నీరు వదిలారు. వలయం భాషలో చెప్పాలంటే అది మొదటి బాణాన్ని ముందుకు నెట్టే ప్రయత్నం. అయితే మురుగు కాలువలు ఇంకా పూడి ఉండగా ముందుగా ఊడిస్తే జులై వానలకు పైరు మునగవచ్చు, అప్పుడు రైతు మరుసటి ఏడు మళ్ళీ ఆలస్యం వైపే మొగ్గుతాడు. అందుచేత క్యాలెండరును ముందుకు జరపడం, ఆ ఏడు మురుగు పనులు పూర్తి కావడం కలిసి జరిగితేనే వలయం తిరుగుతుంది, ఒకటి చేసి ఒకటి వదిలితే తిరగదు.

మార్టేరు వరి పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ రకానికి ముంపును తట్టుకునే జన్యువును చేర్చి తయారుచేసిన స్వర్ణ సబ్-1 రెండు వారాల వరకు మునకను ఓర్చుకోగలదు. ఇది పూడికను తగ్గించదు, వానను ఆపదు. వలయంలో "ముంపు వల్ల మళ్ళీ నారు పోయడం" అన్న ఒక్క బాణాన్ని సన్నబరుస్తుంది. పరిష్కారాలను ఈ విధంగా ఏ బాణం మీద పని చేస్తున్నాయో చూసి తూచడం అలవాటైతే, ఏ పథకం గురించి విన్నా దాని స్థానం బొమ్మలో వెంటనే కనిపిస్తుంది.

మందు వేసినకొద్దీ పెరిగే తెగులు

కొన్ని నిర్మాణాలు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటాయి. దోమపోటు అందులో ఒకటి. సుడిదోమ కనిపించగానే సింథటిక్ పైరిత్రాయిడ్ వంటి మందు కొడితే దోమతో పాటు దానిని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు కూడా చస్తాయి. దోమ త్వరగా కోలుకుంటుంది, దాని శత్రువులు నెమ్మదిగా కోలుకుంటాయి, కొద్ది రోజుల్లో దోమ మునుపటి కంటే ఎక్కువవుతుంది, మళ్ళీ మందు కొడతారు. తాత్కాలిక ఉపశమనం ఇచ్చే పని అసలు అదుపును దెబ్బతీయడం ఇందులోని కీలకం. యూరియా ఎక్కువ వేయకపోవడం, ఊడ్చేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, దోమను తట్టుకునే రకం వేయడం అసలు అదుపును కాపాడే పనులు. కొబ్బరిని పట్టిన సర్పిలాకార తెల్లదోమ విషయంలోనూ ఎన్‌కార్సియా అనే పరాన్నజీవిని కాపాడడానికి రసాయన మందులు కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెప్పింది ఇందుకే.

హద్దు ఎక్కడ గీయాలి, ఎక్కడ చేయి పెట్టాలి

ప్రతి బొమ్మకూ ఒక హద్దు ఉండాలి, లేకపోతే అది ప్రపంచం మొత్తానికీ పాకుతుంది. హద్దును ప్రశ్నే నిర్ణయిస్తుంది. ముంపు ప్రశ్నకు మీ మురుగు కాలువ సముద్రంలోనో ఏటిలోనో కలిసే చోటు వరకు తీసుకుంటే చాలు. తీరం ఎందుకు కోతకు గురవుతోందన్న ప్రశ్నకు ఆ హద్దు చాలదు. ఎగువ జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడం వల్ల డెల్టాకు చేరే మట్టి తగ్గిందన్న కారణం కూడా అందులో పట్టాలి కనుక హద్దు నదీ పరీవాహకం అంతటికీ పెరుగుతుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట సాగుకు ఇచ్చినది అందరికీ తెలుసు. వరద కాలంలో ఎదురీదే పులస చేప దాని దగ్గర ఆగిపోవడం కూడా ఆ నిర్మాణపు ఫలితమే, వలవేసేవారిని హద్దులో చేర్చితేనే అది బొమ్మలోకి వస్తుంది.

ఎక్కడ జోక్యం చేసుకుంటే తక్కువ శ్రమకు ఎక్కువ మార్పు వస్తుందన్న ప్రశ్న మీద డొనెల్లా మెడోస్ అనే శాస్త్రవేత్త చాలా ఆలోచించారు. పన్ను రేట్లు, సబ్సిడీ మొత్తాలు వంటి అంకెలను మార్చడం మీదనే అందరూ పోట్లాడతారని, వాటి బలం మాత్రం సాధారణంగా తక్కువని, సమాచారం ఎవరికి ఎప్పుడు చేరుతుంది, నియమాలు ఎవరు చేస్తారు, వ్యవస్థ లక్ష్యం ఏమిటి అన్నవాటి బలం ఎక్కువని ఆమె వాదించారు. మన క్యాలెండరు బొమ్మలో దీనికి పోలిక వెతికితే, క్లోజర్ పనులకు (కాలువలు కట్టివేసిన రోజుల్లో చేసే మరమ్మతులకు) నిధులు పెంచడం అంకె మార్చడం అవుతుంది. కాలువలు కట్టే తేదీని సార్వాకు ముందే నిర్ణయించి అందరికీ చెప్పడం సమాచారం అవుతుంది. ఆ తేదీని నిర్ణయించే చోట శివారు రైతుకు మాట ఉండడం నియమం అవుతుంది. 1997 నాటి చట్టంతో నీటి సంఘాలు వచ్చినది ఈ మూడోదాని కోసమే. అవి ఎంతవరకు పని చేశాయన్నది ఊరిని బట్టి మారుతుంది, అది వేరే చర్చ.

బొమ్మను పరీక్షించడం

గీసిన బొమ్మ మీకు నచ్చినంత మాత్రాన నిజం కాదు. దానిని ముందుగా మీతో ఏకీభవించని మనిషికి చూపించాలి. మెరక రైతు గీసిన బొమ్మను పల్లపు రైతుకు, చెరువు యజమాని గీసిన బొమ్మను వరి కౌలుదారుకు చూపండి. "ఇది తప్పు" అని వారు అంటే ఏ బాణం తప్పో అడిగి, వారి ఎదుటే రబ్బరుతో చెరిపి దిద్దండి. కాలువ మీద తిరిగే లస్కరుకు తూముల సంగతి ఏ మ్యాపు కంటే బాగా తెలిసి ఉంటుంది, ఆయనతో ఒక సాయంత్రం గడపడం తప్పనిసరి. సాఫ్ట్‌వేర్‌తో ఇటువంటి బొమ్మలను లెక్కగట్టే సౌకర్యం ఉంది కాని, చేత్తో నాలుగైదు బొమ్మలు గీసి చెరపకముందే దాని జోలికి పోవడం తొందరపాటే.

ఆ తరువాత బొమ్మ ముందుగా ఏం చెబుతోందో తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. క్యాలెండరు బొమ్మ విషయంలో నాలుగు వివరాలు చాలు: కాలువలు కట్టిన తేదీ, మురుగు పనులు మొదలైన తేదీ, జూన్‌లో నీరు వదిలిన తేదీ, మొదటి నాలుగు అంగుళాల వానకు మీ పల్లంలో నీరు నిలిచిన రోజులు. ఏటా ఇవి ఒక వరుసలో రాస్తే, పనిదినాలు తగ్గిన ఏళ్ళలోనే ముంపు రోజులు పెరిగాయో లేదో కొన్నేళ్ళకు మీకే కనిపిస్తుంది. పనిదినాలు బాగా దొరికిన ఏడు కూడా ముంపు తగ్గకపోతే, పూడిక కంటే బలమైన కారణం మీ బొమ్మ హద్దుకు బయట ఉందని అనుమానించి, మురుగు కాలువ వెంట సముద్రం వైపు నడిచి అది కలిసే మొగలో ఇసుక మేట ఎంత ఉందో, పోటు సమయంలో నీరు ఏ వైపుకు పారుతోందో చూసి రావాలి.